అక్కినేని లక్ష్మీవరప్రసాదు

ఏలూరు పట్టణమునకు సమీపమున సోమవరప్పాడను గ్రామము కలదు. ఆ ప్రాంతమున భూమియే ధనము, భూమియే గౌరవము. ఎకరములు గలవాడు ఆసామి, లేనివాడు పాలికాపు. ఒక చెక్క పొలము చేయి మారినచో ఆ వార్త రచ్చబండకడ పది దినములు నలుగుచుండెడిది. అట్టి పల్లెలో అక్కినేని శ్రీరాములు, బసవమ్మ అను రైతు దంపతులకు 1908వ సంవత్సరము జనవరి 17వ తేదీన లక్ష్మీవరప్రసాదరావు జన్మించెను.

ప్రసాదు గారాబముగ పెరిగెను. చురుకైన బాలుడే, మాటకు మాట అందించుటలో అతనిని మించినవారు లేరు. కాని చదువు మాత్రము అతనికి పట్టుబడలేదు. ఆ దినములలో వీధిబడి చదువనగా వల్లె వేయుటయే. ఇసుకలో అక్షరములు దిద్దుట, ఎక్కములు అప్పగించుట, పెద్దబాలశిక్ష కంఠస్థము చేయుట — ఇవి చేయగలిగినవాడు బుద్ధిమంతుడు, చేయలేనివాడు మొద్దు. నడుమ మూడవ తరగతి లేదు. ప్రసాదు మనస్సు పుస్తకముపై నిలువక, ఊరిలోనికి వచ్చెడి నాటక సమాజముల మద్దెల చప్పుడు వెంట పరుగెత్తుచుండెను.

ఇచట ఒక విషయము చెప్పుకొనవలసి యున్నది. తెలివితేటలుండియు అక్షరములు మాత్రము లొంగని బాలురు ప్రతి దేశమునను, ప్రతి కాలమునను ఉన్నారు. వారి కన్నులు మంచివే, చెవులు మంచివే. అయినను వ్రాతను చూచి దానిని మాటగా మార్చుకొనుట వారికి మిక్కిలి కష్టము. ఈ స్థితికి 1887లో జర్మనీ దేశపు నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ డిస్లెక్సియా అని పేరిడెను. 1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్ల వైద్యుడు చురుకుదనమునకు కొదువ లేకున్నను చదువ నేర్వలేకపోయిన 14 ఏండ్ల బాలుని గూర్చి వ్రాసెను. మొదట దీనిని పదాంధత్వమని పిలిచిరి. దీనిపై తొలుత శ్రద్ధ చూపినవారిలో కంటి వైద్యులే ముఖ్యులు. లోపము కంటిలో లేదనియు, మెదడు భాషను గ్రహించెడి తీరులో నున్నదనియు తరువాత తేలినది. ఈ పేరును ప్రసాదునకు తగిలింపనక్కరలేదు. అతనికి చదువుపై ఆసక్తి లేదు, అంతియే. అయినను బడిలో మొద్దు అనిపించుకొన్న బాలుని భవిష్యత్తు అంతటితో ముగిసినదని తలచెడి పెద్దలు నాటికిని నేటికిని కలరు గనుక ఈ మాట చెప్పవలసి వచ్చినది.

నాటకముల తరువాత ప్రసాదును ఆకర్షించినది బొమ్మలాట. ఊరి వెలుపల డేరా వేసి, అరిగిపోయిన పాత మూకీ చిత్రముల చుట్టలను త్రిప్పుచుండెడివారు. తెరపై గీతలు, మచ్చలు. బొమ్మ నడుమ నడుమ తెగిపోవుచుండును. మాట లేదు. అయినను ముఖ కవళికలచేతనే కథ తెలియుచుండెను. చదువనవసరము లేని పుస్తకమది. ప్రసాదు దానిని కన్నార్పక చూచెడివాడు. స్థానికులు ఆడిన నాటకములలో చిన్న చిన్న వేషములును వేయసాగెను.

1924లో అతనికి మేనమామ కూతురు సౌందర్య మనోహరమ్మతో వివాహము జరిగెను. కొలది కాలమునకు ఒక కుమార్తె కలిగెను. సంసారమేర్పడినది గాని సంపాదన లేదు. అంతలో ఇంటికి గొప్ప ఆపద వచ్చినది.

శ్రీరాములు అప్పులలో మునిగెను. రైతు అప్పు ఎట్లు పెరుగునో పల్లెలలో పుట్టినవారికి తెలియనిది కాదు. మొదట నోటుపై కొద్ది సొమ్ము. పంట రాగానే తీర్చవచ్చునని ధైర్యము. పంట చాలకపోయిన వడ్డీ అసలుతో కలియును. పిమ్మట పొలము తనఖా పడును. ఆపైన కోర్టు, అమీనా, వేలము. ఏ దారియు లేనివాడు తాను దివాలా తీసితినని న్యాయస్థానమున అర్జీ పెట్టుకొనును. దానినే జనులు ఐ.పి. పెట్టుట అందురు. శ్రీరాములునకు ఆ గతియే పట్టినది. చట్టము ఋణదాతలనుండి కాపాడునేమో గాని ఊరివారి నాలుకలనుండి కాపాడదు. నిన్నటి వరకు గౌరవముగ పలుకరించినవారు ముఖము త్రిప్పుకొనిరి.

పెద్ద చదువు లేదు. పొలము ఆసరా లేదు. భార్యాబిడ్డలు కలరు. ప్రసాదు చేతనైనది వేషము వేయుట యొక్కటే. 1930లో ఒకనాడు అతడు 100 రూపాయలు చేతబట్టుకొని, ఎవరికిని చెప్పక ఇల్లు విడిచి బొంబాయి నగరమునకు బయలుదేరెను. చెప్పక పోవుట తప్పే. ఇంట నున్న యువతి, పసిబిడ్డ ఏమి అనుభవించిరో ఊహింపవచ్చును. కాని చెప్పినచో పోనిచ్చెడివారు కారు.

బొంబాయిలో అతని నెవరును ఎరుగరు. హిందీ రాదు. కోహినూరు స్టూడియో వాకిటికి పోయెను గాని లోపల అడుగు పెట్టలేకపోయెను. తుదకు వీనస్ ఫిలిం కంపెనీలో చిల్లర పనులు చేయు కుఱ్ఱవానిగా కుదిరెను. చెప్పిన పనులన్నియు చేయుచు, తీరిక దొరకినపుడు కెమెరా వెనుక నిలిచి అన్నియు చూచుచుండెను. బడిలో లేని శ్రద్ధ ఇచట పుట్టుకొని వచ్చినది. దీపమెచట నుంచుచున్నారు, నటుడు ఏ గీత దాటరాదు, ముక్కలు ముక్కలుగ తీసిన దానిని ఎట్లు అతుకుచున్నారు — ఇదియే అతని విద్యాభ్యాసము. ఒక మూకీ చిత్రమున చిన్న వేషము కూడ దొరకెను.

సరిగా ఆ సమయముననే భారతదేశమున తెరకు మాట వచ్చినది. అర్దేషిర్ ఇరానీ నిర్మించిన తొలి హిందీ టాకీ ఆలం ఆరా 1931 మార్చి 14వ తేదీన విడుదలయ్యెను. అందు ప్రసాదు ఒక చిన్న పాత్ర ధరించెను. హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున అదే సంవత్సరము వచ్చిన తొలి తమిళ టాకీ కాళిదాసులోను, 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలోను ఆయనయే నటించెను. మూడు భాషల తొలి టాకీలలో కనిపించిన ఖ్యాతి ఆయనకు దక్కినది. భక్త ప్రహ్లాదలో ఆయన వేసినది చండామార్కుల బడిలో చదువు రాని మొద్దబ్బాయి వేషము. ఆ వేషమునకు ఆయనకు పెద్దగ సాధన అవసరమై యుండదు!

ఇంత జరిగిన పిమ్మట అతడు స్వగ్రామమునకు వచ్చి కుటుంబమును చూచుకొనెను. మనోహరమ్మ భర్తతో బొంబాయి చేరెను. చాలీచాలని రాబడితో మహానగరమున కాపురము నడపిన ఆ ఇల్లాలి ఓర్పు ఈ కథలో చిన్న భాగము కాదు.

మూడు తొలి టాకీలలో నటించినవానికి ఇక కొదువ యేమని తోచవచ్చును. కాని వాస్తవమట్లు లేదు. చిన్న వేషములు చిన్నవిగనే నిలిచినవి. ఆలీ షా అను దర్శకుని చిత్రమునకు సహాయ దర్శకుడుగ చేరినపుడు, అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు అను పేరు మరీ పొడవుగ నున్నదని అచటి గుమాస్తా దానిని ఎల్. వి. ప్రసాద్ అని కురచ చేసెనట. ఆ కురచ పేరే తరువాత దేశమంతట మ్రోగినది. కష్టజీవి అను తెలుగు చిత్రమునకు పనిచేయ బూనెను. మూడు రీళ్లు తీసిన పిమ్మట ఆ ప్రయత్నమాగిపోయెను. బొంబాయికిని మద్రాసునకును నడుమ తిరుగుచు, పృథ్వీరాజ్ కపూర్ నాటకశాలతో పరిచయము కలిగించుకొని, దొరకిన పనియెల్ల చేయుచు సంవత్సరములు గడపెను. ఇల్లు విడిచినది 1930లో. పేరు వచ్చినది 1946లో. నడుమ 16 సంవత్సరములు. ఒక్క వాక్యమున ముగియు ఈ కాలమును ఆయన ఒక్కొక్క దినముగ గడపవలసి వచ్చినది.

1946లో విడుదలయైన గృహప్రవేశము ప్రసాదుగారి దశ త్రిప్పినది. సారథి వారి ఈ చిత్రమునకు త్రిపురనేని గోపీచంద్ కథ వ్రాసిరి, భానుమతి కథానాయిక. సహాయకుడుగ చేరిన ప్రసాదుగారు దర్శకుడైరి. నాయక పాత్రయు ఆయనకే వచ్చినది. అప్పటికాయనకు 38 ఏండ్లు. పిమ్మట గూడవల్లి రామబ్రహ్మముగారు రోగపీడితులు కాగా పల్నాటి యుద్ధమును ప్రసాదుగారు పూర్తిచేసిరి. అది 1947లో విడుదలయ్యెను.

1949లో మనదేశము వచ్చినది. గుంటూరు ప్రాంతమున కొలది దినములు సబ్ రిజిస్ట్రారుగ పనిచేసి, ఇతరుల క్రయ దస్తావేజులపై సంతకములు చేయు ఉద్యోగము విడిచి వచ్చిన ఒక యువకునికి ప్రసాదుగారు అందు చిన్న పోలీసు అధికారి వేషమిచ్చిరి. ఆ యువకుడే నందమూరి తారక రామారావు. తలుపు వెలుపల నిలిచిన అనుభవము గలవాడు గనుకనే కాబోలు, క్రొత్తవారిపై ప్రసాదుగారికి ప్రత్యేక దృష్టి యుండెడిది.

1950లో విజయా సంస్థ తొలి చిత్రమైన షావుకారునకు ఆయనయే దర్శకుడు. వడ్డీ వ్యాపారి చెంగయ్య, పొరుగింటి రామయ్య, వారి కుటుంబముల నడుమ పుట్టిన వైరము అందలి కథ. దివాలా తీసిన ఇంటినుండి వచ్చినవాడు వడ్డీ వ్యాపారిని రాక్షసుడుగ చూపుట సులభము. ప్రసాదుగారట్లు చేయలేదు. చెంగయ్య లోభి, మొండివాడు. అయినను మన ఊరిలో మనమెరిగిన మనిషి. అదే సంవత్సరము సంసారము, 1952లో పెళ్లిచేసి చూడు వచ్చినవి. 1955లో వచ్చిన మిస్సమ్మ తెలుగువారు నేటికిని మరువని చిత్రము. డిగ్రీలుండియు ఉద్యోగములు దొరకని ఇరువురు, బడిలో ఉపాధ్యాయులుగ చేరుటకు భార్యాభర్తలమని నటించుట అందలి హాస్యము. ప్రసాదుగారు నటులకు ప్రతి పాత్రను తానే నటించి చూపెడివారు. కాగితముపై నున్న మాట కంటె కంటికి కనబడు చేష్ట బోధకమని వారి పద్ధతి తెలుపుచున్నది.

ఆ వెనుక ఆయన నిర్మాతయై హిందీ చిత్రసీమలో అడుగిడిరి. రాజ్ కపూర్, మీనాకుమారి నటించిన శారద 1957లోను, ఛోటీ బహెన్ 1959లోను వచ్చినవి. తెలుగు మూగమనసులు ఆధారముగ 1967లో మిలన్, 1970లో ఖిలోనా, మరో చరిత్ర ఆధారముగ 1981లో ఏక్ దూజే కే లియే నిర్మించిరి. హిందీ రాక బొంబాయి వీధులలో తిరిగిన మనిషి తీసిన హిందీ చిత్రములకు ఉత్తరదేశమంతట జనులు బారులు తీరిరి.

ఇచట ఆయన వ్యవహార దక్షతను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. చలనచిత్రము వంటి అస్థిరమైన వ్యాపారము మరొకటి లేదు. రెండేండ్లు శ్రమించి తీసిన చిత్రము శుక్రవారము విడుదలయై సోమవారమునకు డబ్బాలోనికి పోవచ్చును. ఒక చిత్రముపై లాభము వచ్చిన దానినంతయు తరువాతి చిత్రముపై పెట్టి సర్వము పోగొట్టుకొన్నవారు మద్రాసులో పెక్కుమంది. ప్రసాదుగారు అట్లు చేయలేదు. వచ్చిన సొమ్మును భూమిపైనను, కట్టడముపైనను, యంత్రములపైనను పెట్టిరి. మద్రాసు నగరమున సాలిగ్రామమున ప్రసాద్ స్టూడియో వెలసినది. 1976లో చిత్రములను కడిగి ప్రతులు తీయు ప్రసాద్ ఫిలిం లాబరేటరీ ఏర్పడినది.

ఇందలి కిటుకు తెలిసికొనదగినది. స్టూడియోకు విశాలమైన స్థలము కావలెను. ఇండ్లు, వీధులు, రాజభవనములు లోపల నిర్మింపవలెను. వెలుపలి బండ్ల చప్పుడు మాటలలో కలియరాదు. కనుక ఊరి అంచున, ధర తక్కువగ నున్న చోట స్థలము కొనుట మేలు. ఊరు పెరిగి అచటికి వచ్చునప్పటికి భూమి విలువయు పెరుగును. అంతేకాదు. చిత్రము ఆడినను ఆడకున్నను దానిని తీసినవాడు స్టూడియో అద్దె చెల్లింపవలసినదే, ప్రతులకు కూలి ఇయ్యవలసినదే. ఒకని చిత్రము పోయినను మరియొకడు వచ్చును. పది మంది రైతులు వేర్వేరు పంటలు వేసినను కాలువ గట్టున మిల్లు గలవానికి పని తప్పనట్లే ఇదియు. తండ్రి కాలమున భూమి చేజారిన బాధ చూచినవాడు, భూమిని అప్పుకు తాకట్టు వస్తువుగ గాక నిలుకడగ ఫలమిచ్చు క్షేత్రముగ వాడుకొనెను.

ప్రభుత్వము 1982వ సంవత్సరమునకు గాను ఆయనకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమొసగెను. అంతకు ముందే, 1981లో కమల్ హాసన్ తమిళమున నిర్మించిన రాజపార్వై చిత్రములో ప్రసాదుగారు వృద్ధుడైన తాతగ నటించిరి. అది తెలుగున అమావాస్య చంద్రుడు పేరున వచ్చినది. కథానాయకుడు చూపు లేని వాయులీన విద్వాంసుడు. అతనిని ప్రేమించిన యువతికి అండగ నిలుచు తాత ప్రసాదుగారు.

ఆ కాలముననే డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు అమెరికాలో నేత్రవైద్యమున పేరు గడించి, స్వదేశమునకు తిరిగి వచ్చి హైదరాబాదులో గొప్ప కంటి వైద్యశాల నెలకొల్ప సంకల్పించియుండిరి. పరికల్పన కలదు, పాండిత్యము కలదు, స్థలమెచట? 1985లో ప్రసాదుగారు బంజారా హిల్స్ ప్రాంతమున 5 ఎకరముల భూమిని, దానితో పాటు 1 కోటి రూపాయల ధనమును ఇచ్చిరి. ఆయన పేరున ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య విజ్ఞాన సంస్థ 1987లో పని ప్రారంభించెను.

ఆ 5 ఎకరముల విలువ తెలియవలెనన్న హైదరాబాదు పడమటి దిక్కు నొకమారు చూడవలెను. బంజారా హిల్స్ నుండి జూబిలీ హిల్స్ మీదుగ మాదాపూర్ వరకు ఒకప్పుడు రాతి గుట్టలు, సీతాఫలపు పొదలు. ఏనుగులవలె ఒకదానిపై నొకటి కూర్చున్న ఆ గండశిలలు భూమిపై నున్న అతి ప్రాచీన శిలలలో చేరినవి. మాదాపూర్ కడ నున్న దుర్గం చెరువు కుతుబ్ షాహీల కాలమున గోల్కొండ కోటకు నీరొసగినది. నాగలి సాగని ఆ నేలకు రైతు దృష్టిలో విలువ లేదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప అంతయు మారినది. గుట్టలు పగిలినవి, అద్దాల మేడలు లేచినవి. గజము స్థలమునకై జనులు పోటీపడిరి. ఆ వరుసలో ఇంకను పడమరగ నున్న కోకాపేటలో 2023లో ప్రభుత్వ వేలమున ఎకరము 100 కోట్ల రూపాయలు దాటి పలికెను. ప్రసాదుగారు కొండ మీది తమ స్థలమునిచ్చినది ఈ ఉప్పెనకు 13 సంవత్సరములు ముందు. అయినను అది నాటికిని అల్పమైన దానము కాదు. నగరమున నివాసయోగ్యమైన చోటులలో బంజారా హిల్స్ అప్పటికే పేరుగన్నది.

ఆ సంస్థలో సొమ్ము చెల్లింపగలవారివలె చెల్లింపలేనివారికిని చికిత్స జరుగును. కంటి ముందు భాగమున గడియారపు అద్దమువలె ఒక స్వచ్ఛమైన పొర కలదు. దెబ్బచేతనో పుండుచేతనో అది తెల్లబడినచో, లోపలి కన్ను బాగుగ నున్నను వెలుగు చొరదు. మరణించినవారి కుటుంబమువారు దానము చేసిన కన్నునుండి ఆ పొరను తీసి అమర్చినచో చూపు తిరిగి వచ్చును. ఇట్టి చికిత్సకు హైదరాబాదు సంస్థ ప్రసిద్ధి గాంచినది. కాలక్రమమున భువనేశ్వరము, విశాఖపట్టణము, విజయవాడలలోను దాని శాఖలు వెలసినవి. పల్లెలలో చిన్న దృష్టి కేంద్రములు ఏర్పడినవి. చదువు రాని రోగి వచ్చినపుడు కంటి వైద్యులు అక్షరముల పలక చూపరు. మూడు పలుదోకల వంటి ఒకే గుర్తును నాలుగు దిక్కులకు త్రిప్పి వ్రాసిన పలక చూపుదురు. దాని వ్రేళ్లు ఏ వైపునకు తిరిగియున్నవో రోగి తన చేతి వ్రేళ్లతో చూపిన చాలును.

సంస్థ పనిచేయుటను ప్రసాదుగారు ఏడేండ్లు కన్నులార చూచిరి. 1994 జూన్ 22వ తేదీన, తమ 86వ యేట కన్నుమూసిరి. 2006లో భారత తపాలా శాఖ ఆయన చిత్రముతో బిళ్లను వెలువరించినది. దానిపై నున్నది గుమాస్తా కురచ చేసిన పేరే.